ఏఏఎస్‌ఐ లెవెల్ 2 స్నోబోర్డ్ ఎగ్జామ్: రైడింగ్ పరవాలేదు, మూవ్‌మెంట్ అనాలిసిస్ దగ్గరే ఆగిపోతున్నా

హీల్‌సైడ్_కష్టాలు:

అందరికీ హాయ్. ఈ సీజన్ అయిపోయేలోపు ఏఏఎస్‌ఐ (అమెరికాలో స్నోబోర్డ్ నేర్పేవాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) లెవెల్ 2 ఇచ్చేద్దామని డిసైడయ్యా. లెవెల్ 1 ఉంది, వీకెండ్స్‌లో పార్ట్‌టైమ్‌గా బిగినర్ క్లాసులు చెప్తుంటా, సైడ్‌స్లిప్, ఫాలింగ్ లీఫ్, మొదటి టర్నులు ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తా. ఇబ్బందల్లా ఆ పైవాళ్ళతోనే. బ్లూ రన్ (మధ్యస్థం కష్టమున్న వాలు) మీద టర్నులు కలుపుకుంటూ హాయిగా దిగిపోయేవాడికి ఏం చెప్పాలో తట్టదు. ఏదో తేడాగా ఉందని కంటికి తెలుస్తుంది, అదేంటో చెప్పమంటే మాత్రం "మోకాళ్ళు ఇంకొంచెం వంచు" తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు. మొన్న క్లినిక్‌లో ట్రైనర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నారు, సరే వంచాడనుకో, అప్పుడు బోర్డు ఏం చేస్తుంది అని అడిగారు, నేను నీళ్ళు నమిలా.

నా రైడింగ్ సంగతి కూడా చెప్తా. టోసైడ్ (కాలివేళ్ళ వైపు అంచు) కార్వ్, అంటే జారకుండా అంచుతో కోసుకుంటూ తిరగడం, శుభ్రంగా గీత పడుతుంది, హీల్‌సైడ్ (మడమల వైపు) మాత్రం కొంచెం స్టీప్ అయితే చాలు బోర్డు దడదడలాడి జారిపోతుంది. స్విచ్‌లో (ఎప్పుడూ వెనకుండే కాలు ముందు పెట్టి) బ్లూ దిగగలను కానీ వీడియోలో చూసుకుంటే ఎవరో కొత్తవాడు దిగుతున్నట్టుంటుంది.

పాసైనవాళ్ళు గానీ ట్రై చేస్తున్నవాళ్ళు గానీ చెప్పండి, మూవ్‌మెంట్ అనాలిసిస్ (దిగేవాడిని చూసి తేడా ఎక్కడో చెప్పడం) ఎలా ప్రాక్టీస్ చేశారు, మాన్యువల్ ఎంత చదవాలి, ఉన్న టైమ్‌లో రైడింగ్ మీద ఎక్కువ పెట్టాలా టీచింగ్ మీదా? "ఎక్కువ రైడ్ చెయ్ బ్రో" అని ఒక్క లైన్ ఆన్సర్ దయచేసి వద్దు, అది అందరూ చెప్పారు.

లిఫ్ట్_కబుర్లు:

లెవెల్ 2 ఉంది నాకు, ఇప్పుడు మా స్కూల్‌లో ఎగ్జామ్‌కి వెళ్ళేవాళ్ళకి ప్రాక్టీస్ కూడా చేయిస్తుంటా కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక చేసుకో తమ్ముడూ.

ఫస్ట్ ఇది అర్థం చేసుకో. అసెస్‌మెంట్ ఫామ్‌లో ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా స్కోర్ ఉంటుంది, 4 వస్తే స్టాండర్డ్ అందుకున్నట్టు. అంటే అక్కడ ఎవరూ 6 కోసం చూడట్లేదు, అడిగింది అడిగినట్టు, ఒకసారి కాదు మళ్ళీ మళ్ళీ, చూపించగలవా లేదా అంతే. పోయేవాళ్ళలో నేను చూసినంతవరకు రైడింగ్ రాక పోయినవాళ్ళు తక్కువ, బాగా దిగి ఎందుకలా దిగారో చెప్పలేక పోయినవాళ్ళే ఎక్కువ.

మీ ట్రైనర్ అడిగిన ప్రశ్న ఉంది చూశావా, మొత్తం మూవ్‌మెంట్ అనాలిసిస్ అదే. నువ్వు మనిషిని చూసి మొదలెడుతున్నావు, అందుకే మోకాళ్ళ దగ్గర ఆగిపోతున్నావు. ముందు మంచు చూడు. గీత సన్నగా ఉందా, వెడల్పుగా తుడిచినట్టుందా, టర్న్‌లో ఏ భాగంలో వెడల్పయింది, ఫాల్ లైన్‌కి (వాలు నేరుగా కిందకి పోయే దిక్కు) ముందా తర్వాతా. ఆ తర్వాత బోర్డు దగ్గరికి రా: టిల్ట్ (అంచు మీదకి వాల్చడం), ట్విస్ట్ (మెలితిప్పడం), పివట్ (అడ్డంగా తిప్పడం), ప్రెషర్ (బరువు వేయడం), ఈ నాలుగింట్లో ఏది ఎక్కువైతే ఏది తక్కువైతే ఆ గీత పడింది? అది తేలాక అప్పుడు ఒంటి మీదకి రా, ఏ జాయింట్ ఏం చేస్తే బోర్డు అలా చేసింది. మంచు, బోర్డు, మనిషి. ఈ వరసలో వస్తే ఊహించి చెప్పాల్సిన పని ఉండదు, మంచు మీద సాక్ష్యం ఉంటుంది.

నీ హీల్‌సైడ్ దడదడే తీసుకుందాం, ఎలాగూ ఎగ్జామ్‌లో నీ ముందు దిగేవాళ్ళలో సగం మందికి అదే ఉంటుంది. గీత ఎలా ఉంటుందంటే, టర్న్ పైభాగంలో వెడల్పుగా ఉండి ఫాల్ లైన్ దాటాక మెట్లు మెట్లుగా చిన్న చిన్న గాట్లు పడతాయి. అంటే బోర్డు పట్టి వదిలి పట్టి వదిలి పోతోందన్నమాట. ఎందుకూ? టర్న్ మొదట్లో టిల్ట్ లేదు, వెనక కాలితో టెయిల్‌ని (బోర్డు వెనక కొస) తోసి బోర్డుని అడ్డం తిప్పేశాడు, దాంతో ప్రెషర్ అంతా చివర్లో ఒకేసారి వచ్చి పడింది. ఇప్పుడు మనిషిని చూడు. కాళ్ళు నిటారుగా బిగుసుకుని ఉంటాయి, నడుము దగ్గర ముందుకి వంగి ఉంటాడు, కుర్చీ కోసం వెతుకుతున్నట్టు వెనక భాగం బయటికి ఉంటుంది. కాళ్ళు బిగుసుకుంటే కింద నుంచి వచ్చే కుదుపుని మింగేది ఏముంది? ఏమీ లేదు, అందుకే దడదడ. అలాంటివాడికి నువ్వు "మోకాళ్ళు వంచు" అంటే నిజానికి సగం కరెక్టే, కానీ ఎప్పుడు, ఎంతసేపు, దేనికోసం అన్నది చెప్పకపోతే వాడు నడుమే ఇంకొంచెం వంచుతాడు.

నేనైతే ఇలా చెప్తా: ఫాల్ లైన్‌కి రాకముందే కాలి వేళ్ళు బూట్‌లో పైకి లాగు, అంచు ముందే పట్టుకుంటుంది, తర్వాత టర్న్ పూర్తయ్యేదాకా చీలమండ, మోకాలు, తుంటి మూడూ కలిపి నెమ్మదిగా మడుస్తూ వెళ్ళు, ఛాతీ పైకి, ముందు మోకాలు వెళ్ళే దిక్కుకి కొంచెం తెరువు. ముందు హీల్‌సైడ్ ట్రావర్స్ (వాలుకి అడ్డంగా వెళ్ళడం) చేయించి వెనక ఒక్క సన్నని గీత పడేదాకా ఆపను, తర్వాత ఫాల్ లైన్ నుంచి జె టర్న్ (నేరుగా దిగి ఒక్క వైపే తిరగడం), ఆ తర్వాతే టర్నులు కలపడం.

ఇంకోటి, తప్పులు ఐదు కనిపించినా చెప్పేది ఒకటే ఉండాలి. లిస్ట్ చదివేస్తే నీకు కళ్ళున్నాయని తెలుస్తుంది, టీచర్‌వని తెలీదు.

ప్రాక్టీస్‌కి బెస్ట్ ప్లేస్ లిఫ్ట్. పైకి వెళ్తున్నంతసేపు కింద దిగేవాళ్ళలో ఒకళ్ళని పట్టుకో, మూడు టర్నులు చూడు, పక్కనున్నవాడికి ఒక్క వాక్యంలో చెప్పు: బోర్డు ఇలా చేసింది, ఎందుకంటే ఒళ్ళు ఇలా చేసింది, నేనైతే ఇది మారుస్తా. పక్కన ఎవరూ లేకపోతే నీకు నువ్వే చెప్పుకో, హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

గణితం_గోల:

పైన రాసింది సూపర్ అన్నా. నేను దానికి వెనకున్న లెక్క ఒకటి చెప్తా, ఎగ్జామినర్ "టిల్ట్ పెరిగితే ఏమవుతుంది" అని అడిగితే పనికొస్తుంది.

బోర్డు సైడ్‌కట్ రేడియస్ (పక్క అంచు వంపుకి ఉండే వ్యాసార్ధం) 8 మీటర్లు అనుకోండి. గట్టి మంచు మీద బోర్డుని వాల్చేకొద్దీ అది గీసే వంపు చిన్నదవుతుంది, సుమారుగా సైడ్‌కట్‌ని వాల్చిన కోణం కొసైన్‌తో గుణిస్తే వస్తుంది. 45 డిగ్రీలు వాలిస్తే దాదాపు 5.7 మీటర్లు, 60 డిగ్రీలకి 4 మీటర్లు. అంటే కార్వ్‌లో టర్న్ సైజు మార్చడానికి కాలితో తిప్పక్కర్లేదు, కోణం మారిస్తే చాలు, బోర్డే తిరుగుతుంది.

ఇక్కడే అసలు మెలిక. ఒళ్ళంతా చెట్టు ఒరిగినట్టు 45 డిగ్రీలు ఒరిగి 5.7 మీటర్ల వంపులో పడకుండా నిలబడాలంటే గంటకి దాదాపు 27 కిలోమీటర్ల స్పీడ్ ఉండాలి (వాలు లెక్కలోకి తీసుకోకుండా, ఊరికే సెంట్రిఫ్యూగల్ లెక్క). అంతకన్నా స్లోగా వెళ్తూ అంతే ఒరిగితే లోపలికి పడిపోతారు. అందుకే తక్కువ స్పీడ్‌లో మొత్తం ఒళ్ళు ఒరగడం కాకుండా కింద జాయింట్లతో బోర్డుని వాల్చి పైఒళ్ళు నిటారుగా ఉంచాలి. ఇన్‌క్లినేషన్ (ఒళ్ళంతా ఒరగడం), యాంగ్యులేషన్ (జాయింట్ల దగ్గర మడవడం) అని మాన్యువల్‌లో ఉండేది ఇదే. ఇంటర్మీడియట్ స్టూడెంట్‌ని "ఒరుగు ఒరుగు" అని ఊదరగొడితే వాడు పడేది ఎందుకో ఇప్పుడు తెలిసిందా, వాడి దగ్గర ఆ స్పీడ్ లేదు.

మాన్యువల్ ఎంత చదవాలంటే, ఆరు ఫండమెంటల్స్ మాత్రం బట్టీ కాకుండా సొంత మాటల్లో రావాలి: బోర్డు పొడవునా ప్రెషర్ ముందుకీ వెనక్కీ, అడ్డంగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి, ప్రెషర్ ఎంత మోతాదులో, టిల్ట్, పివట్, ట్విస్ట్. మిగతాదంతా వీటి చుట్టూ తిరిగేదే.

కార్వ్_రాజు:

ఇంత థియరీ అవసరమా గురూ, కొసైన్లు లెక్కపెట్టుకుంటూ దిగితే చెట్టుకి గుద్దుకుంటాం 😅 నా లెక్క ప్రకారం రైడింగ్ బలంగా ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. డ్రిల్లులు చేసి చేసి రోబోల్లా దిగేవాళ్ళని చాలామందిని చూశా.

గూఫీ_అక్క:

కార్వ్_రాజు, రోబోల సంగతి ఒప్పుకుంటా, "మాటలు వాటంతటవే వస్తాయి" అన్నది మాత్రం అస్సలు ఒప్పుకోను. చిన్నప్పట్నుంచి దిగేవాళ్ళకే చెప్పడం ఎక్కువ కష్టం, వాళ్ళు ఏం చేస్తున్నారో వాళ్ళకే తెలీదు కదా, ఒళ్ళు చేసేస్తుంది.

నేను కెనడా వైపు, కాసీ (అక్కడి స్నోబోర్డ్ టీచర్ల సంస్థ) లెవెల్ 2. మా దగ్గర కోర్సు, ఎగ్జామ్ కలిసే నడుస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో వచ్చిన ఫీడ్‌బ్యాక్‌ని చివరి రోజుకి ఎంత మార్చుకున్నావో కూడా వాళ్ళకి కనిపిస్తుంది. నేను నేర్చుకున్న పద్ధతిలో స్టాన్స్ బ్యాలెన్స్, పివట్, ఎడ్జింగ్, ప్రెషర్, టైమింగ్ కోఆర్డినేషన్ అని ఐదు స్కిల్స్, మీ టిల్ట్ మా ఎడ్జింగ్, పేర్లు వేరు గానీ మంచు అదే. ఒక తేడా మాత్రం నాకు నచ్చుతుంది, టైమింగ్‌ని విడిగా ఒక స్కిల్‌గా చూడటం. ఎందుకంటే ఇంటర్మీడియట్ రైడర్ దగ్గర కదలికలన్నీ ఉంటాయి, వరస తప్పుతుంది. పైన చెప్పిన హీల్‌సైడ్ కూడా అదే కదా, ప్రెషర్ ఉంది, లేటుగా వస్తోంది.

రైడింగ్‌కి డ్రిల్ల కంటే నేను చెప్పేది ఇది: ఒకే రన్, ఒకే సైజు టర్న్, దాన్ని రెండు రకాలుగా దిగు. ఒకసారి టర్న్ మార్చేటప్పుడు పైకి లేచి అంచు వదులు, ఒళ్ళు బోర్డు మీదుగా దాటుతుంది. ఇంకోసారి లేవకుండా మోకాళ్ళు ఛాతీ వైపు మడిచి వదులు, ఇప్పుడు తల అదే ఎత్తులో ఉండి బోర్డే ఒంటి కింద నుంచి దాటుతుంది. షార్ట్ టర్నులకి రెండోది హాయిగా ఉంటుంది, బంప్స్‌లో మరీనూ. ఎగ్జామినర్ "అలాగే కానీ ఇంకా చిన్నగా", "అలాగే కానీ స్లోగా", "ఇప్పుడు తక్కువ ఎడ్జ్‌తో" అంటూ ఉంటారు, అడిగిన వెంటనే ఒక్కటే మార్చి మిగతావి అలాగే ఉంచడం వస్తే లెవెల్ 2 రైడింగ్ దాదాపు అయిపోయినట్టే. మెరుపులా ఒక్క కార్వ్ గీసి అంతకుమించి ఏమీ మార్చలేనివాడికి మార్కులు రావు, ఇది కార్వ్_రాజుకి 🙂

స్విచ్ గురించి కూడా. వేరేగా స్విచ్ ప్రాక్టీస్ అని టైమ్ పెట్టుకోకు, ఎవరూ పెట్టరు. ఈజీ రన్ ఏది వచ్చినా స్విచ్‌లోనే దిగు, క్లాస్‌లో పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు స్విచ్, లిఫ్ట్ దగ్గరికి చప్పటి దారిలో వెళ్ళేటప్పుడు స్విచ్. చూడ్డానికి కొత్తవాడిలా ఉన్నావంటే నూటికి తొంభై పాళ్ళు భుజాలు బోర్డుకి అడ్డంగా తెరుచుకుని, తల మాత్రం కిందకి తిప్పి, బరువు వెనక కాలి మీద వేసుంటావు. కొత్త ముందు కాలి మీద నిలబడటం అలవాటైతే మిగతాది సర్దుకుంటుంది.

హీల్‌సైడ్_కష్టాలు:

అక్కా మీరు నా వీడియో ఎక్కడైనా చూశారా ఏంటి, అచ్చం అలాగే ఉంటా 😭

మంచు ముందు చూడటం అన్నది నాకు బాగా ఎక్కింది అన్నా, పొద్దున లిఫ్ట్ మీద ట్రై చేస్తే మొదటిసారి మోకాళ్ళు కాకుండా ఇంకేదో చెప్పగలిగా. ఇంకో డౌట్, టీచింగ్ సెగ్మెంట్‌లో ఎదురుగా ఉండేది తోటి క్యాండిడేట్లే కదా, వాళ్ళకి నాకన్నా బాగా వచ్చు, వాళ్ళకి ఇంటర్మీడియట్ టాపిక్ చెప్పాలంటే నాటకంలా అనిపిస్తుంది. వాళ్ళు రానట్టు నటిస్తారా? నేను నటించాలా?

లిఫ్ట్_కబుర్లు:

నటించొద్దు, వాళ్ళని నటించమని అడగొద్దు కూడా. వాళ్ళని వాళ్ళలాగే చూడు. గ్రూప్‌లో ఎంత మంచి రైడర్ అయినా మీడియం టర్న్‌లో కొంచెం ఏదో ఒకటి మార్చుకోవాల్సింది ఉంటుంది, అది నిజంగా చూసి నిజంగా మార్చు. ముందే ఇంట్లో రాసుకొచ్చిన లెసన్ ప్లాన్‌ని ఎదుటివాడి మీద రుద్దినవాళ్ళే ఇక్కడ ఇబ్బంది పడతారు. వాళ్ళేం కావాలనుకుంటున్నారో అడుగు, ఒక రన్ చూడు, ప్లాన్ చెప్పు, చేయించు, మధ్యలో పనిచేయట్లేదనిపిస్తే మార్చు, చివర్లో వాళ్ళ నోటితోనే ఏం మారిందో చెప్పించు. మార్చడం చూస్తే ఎగ్జామినర్‌కి చెడ్డగా అనిపించదు, అదే కావాలి వాళ్ళకి.

మాట్లాడేది తక్కువ పెట్టు. నువ్వు నిలబడి వివరిస్తున్నంతసేపు జనం మంచు మీద కూర్చుని చలికి బిగుసుకుపోతుంటారు. ఒక్క విషయం, ఒక్క డెమో, దిగడం.

ఆపే చోటు కూడా చూస్తారు. రన్ పక్కకి, పైనుంచి వచ్చేవాళ్ళకి కనిపించేలా, వాలు విరిగే మలుపు కింద అస్సలు కాదు. అమెరికాలో రెస్పాన్సిబిలిటీ కోడ్ (వాలు మీద అందరూ పాటించాల్సిన భద్రతా నియమాలు) 2022లో మారింది, ఏడు పాయింట్లు పదయ్యాయి, పాత ఏడే చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, నువ్వు కొత్తది చదువుకో. ఎండ గాలి వాళ్ళ వీపుకి తగిలేలా, నీ మొహానికి తగిలేలా నిలబడు.

గూఫీ_అక్క:

దీనికి ఒకటి కలుపుతా, స్కీ వాళ్ళకి ఈ తలనొప్పి లేదు, మనకే. గ్రూప్‌లో రెగ్యులర్ (ఎడమ కాలు ముందు), గూఫీ (కుడి కాలు ముందు) కలిసి ఉంటారు. "అందరూ ఎడమ పక్కకి హీల్‌సైడ్ ట్రావర్స్" అన్నావనుకో, కిందకి చూస్తూ నిలబడితే ఎడమకి వెళ్ళేది రెగ్యులర్ వాళ్ళు మాత్రమే, నాలాంటి గూఫీలు కుడికి పోతాం లేదా స్విచ్‌లో పడతాం. గార్లాండ్స్ (ఒకే దిక్కుకి వెళ్తూ సగం సగం టర్నులు) చేయించినా అంతే, ఒకే దిక్కుకి పంపితే సగం మంది హీల్‌సైడ్, సగం మంది టోసైడ్ మీద ఉంటారు. చెప్పే ముందు ఎవరు ఏంటో చూసుకో, వెడల్పైన రన్ ఎంచుకో, దిక్కు పేరు చెప్పకుండా అంచు పేరు చెప్పు. డెమో కూడా నీ స్టాన్స్‌లో ఒకసారి, స్విచ్‌లో ఒకసారి చూపిస్తే గూఫీ వాళ్ళకి అద్దంలో చూసినట్టు కాకుండా నేరుగా అర్థమవుతుంది. చూశావా, స్విచ్ మళ్ళీ ఇక్కడికే వచ్చింది.

బైండింగ్_బాబాయ్:

అందరూ టెక్నిక్ చెప్పారు, సామాను సంగతి ఎవరూ అడగలేదేం. తమ్ముడూ నీ బైండింగ్ (బూట్‌ని బోర్డుకి పట్టి ఉంచేది) యాంగిల్స్ ఎంత? రెండు కాళ్ళూ ముందుకే తిరిగి ఉంటే స్విచ్‌లో నువ్వు ఎంత ఏడ్చినా అంతే. ముందుది ప్లస్ 15, వెనకది మైనస్ 12 అలా డక్ (రెండు పాదాలూ బయటికి తిరిగి) పెట్టి చూడు. మోకాలు పాదం వేళ్ళ దిక్కుకే వంగుతోందా లేదా అద్దం ముందు నిలబడి చూసుకో, లోపలికి పడుతుంటే యాంగిల్ తగ్గించు. హైబ్యాక్‌ని (బైండింగ్ వెనక నిలబడే పలక) హీల్‌సైడ్ అంచుకి సమాంతరంగా తిప్పి ఫార్వర్డ్ లీన్ (అది ముందుకి వాలే కోణం) ఒక్క గీత పెంచితే హీల్‌సైడ్ అంచు తొందరగా పట్టుకుంటుంది. మరీ పెంచితే నిలబడే చోటే తొడలు మండుతాయి, అది వేరే సంగతి. మడమ బూట్‌లో లేస్తుంటే ముందు బూట్ మార్చు, ఆ తర్వాత మాట్లాడదాం.

ఎగ్జామ్‌కి దగ్గరలో మాత్రం ఏదీ మార్చకు. కనీసం కొన్ని వారాలు ముందే మార్చి అలవాటు పడు.

కార్వ్_రాజు:

సరే గూఫీ_అక్కా, ఆ లేచి వదలడం, మడిచి వదలడం రెండూ ఒకే రన్‌లో ట్రై చేశా. మడిచింది స్టీప్ మీద బాగుంది, లేచింది నాకు రాలేదు, అలవాటు లేక ఎగిరి పడ్డట్టుంది. ఇంకోసారి చూస్తా. కొసైన్ మాత్రం ససేమిరా.

హీల్‌సైడ్_కష్టాలు:

బాబాయ్, ప్లస్ 18, ప్లస్ 3 ఉంది నాది 🙈 ఎప్పుడో షాప్‌లో పెట్టించింది అలాగే వదిలేశా. ఇవాళే డక్ చేస్తా. అయితే ఒకటి అడగనా, డక్‌కి మారితే ఇన్నాళ్ళు బాగున్న నా టోసైడ్ కార్వ్ చెడదు కదా?

బైండింగ్_బాబాయ్:

మొదట్లో వింతగా ఉంటుంది, వెనక మోకాలు ఇంతకుముందులా లోపలికి ముడుచుకోలేదు కాబట్టి తుంటిని అంచు మీదకి తేవడం మళ్ళీ వెతుక్కోవాలి. ఒక్కసారే మైనస్ 12కి పోకు, సున్నాకి తెచ్చి కొన్ని రోజులు దిగు, తర్వాత మైనస్ 6, అక్కడ మోకాలికి హాయిగా ఉంటే అక్కడే ఆగిపో. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్ళు, స్క్రూలు మొదటి రన్ అయ్యాక ఒకసారి బిగించి చూసుకో, కుదుపులకి వదులవుతుంటాయి.